నాలుకకెక్కిన చేదు

చీఫ్ ఇన్‌స్పెక్టర్ తిహామీ నడుము పైభాగం చూస్తే అచ్చమైన పోలీసు అధికారి. ఇస్త్రీ చొక్కా, బిగించిన టై, వెనక గోడ మీద మొరాకో రాజుగారి పటం. నడుము కింద సంగతి వేరు. పాంటు మోకాళ్ళ దాకా మడిచి, ఉత్త కాళ్ళు ప్లాస్టిక్ తొట్టిలో పెట్టుకుని కూర్చున్నాడు. తొట్టి నిండా పచ్చి చేదుపుచ్చ కాయలు. ఆయన మడమల కింద అవి ఒక్కొక్కటీ చితుకుతుంటే పసరు వాసన గదంతా కొడుతోంది.

"లోపలికి రావచ్చా అని అడగడం మీ కొండల్లో ఎవరూ నేర్పలేదా, ఇట్టో?" అన్నాడు.

"తలుపు తీసే ఉంది సార్. కాళ్ళు కడుక్కుంటున్నారేమో అనుకున్నా," అంది ఇన్‌స్పెక్టర్ ఇట్టో.

"ఇది వైద్యం. నలభై నిమిషాలు తొక్కాలి. చేదు అరికాల్లోంచి పైకెక్కి నాలుకని తాకిందంటే ఒంట్లో చక్కెర దిగిపోయినట్టే."

"మరి తాకిందా?"

"రెండు నెలలైంది. తాకుతుంది."

ఇట్టోకి నవ్వొచ్చింది. ఆపుకుందామని కూడా ప్రయత్నించలేదు. గోడ గడియారం పన్నెండూ నలభై చూపిస్తోంది, ఆమెకి ఉన్నది సాయంత్రం నాలుగు దాకా మాత్రమే.

సంగతి ఇది. మంగళవారం పొద్దున తొమ్మిదీ నలభైకి, రిటైరైన రైల్వే టీసీ అల్లాల్ ప్రభుత్వాసుపత్రిలో ప్రాణం వదిలాడు. ఆయనకి షుగరు, దానికి తోడు లయ తప్పే గుండె. రక్తం పరీక్ష చేస్తే, గుండెకి వాడే డిజాక్సిన్ అనే మందు ఉండాల్సినదానికి ఆరింతలు కనిపించింది. ఆ మాత్రలు రాసింది బస్తీ డిస్పెన్సరీలో పనిచేసే డాక్టర్ షామా. ముప్పై కూడా నిండని పిల్ల. ఆసుపత్రి సూపరింటెండెంటు 'మోతాదు తప్పు డిస్పెన్సరీది' అని రెండు వాక్యాలు రాసిచ్చి చేతులు దులుపుకున్నాడు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు అంతా వచ్చి షామా మీద పడింది. గురువారం, అంటే ఇవాళ నాలుగింటికి, తిహామీ ఆమెని ప్రాసిక్యూటర్ ముందు నిలబెడతాడు. అక్కణ్ణుంచి తిన్నగా జైలే.

"అల్లాల్ ఇంటిని ఎవరైనా సోదా చేశారా సార్?"

"దేనికి? రక్తంలో మందుంది. మందు రాసిన మనిషి మన దగ్గరుంది. రెండూ రెండూ నాలుగు."

"ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నారట మీలాంటివాళ్ళే. అల్లాల్ గారు ఆ ఆకుల వైద్యుడు ఉస్తాద్ లఖ్దర్ దగ్గర కూడా వైద్యం చేయించుకున్నాడు. లఖ్దర్ వీడియోల్లో కనిపించేది ఈ అల్లాల్ గారే. 'మాత్ర మానేశాను, కంచం మార్చాను, గుర్రంలా ఉన్నాను' అని చెప్పింది ఈయనే కదా!"

లఖ్దర్ పేరు వినగానే తిహామీ కాళ్ళు ఆగిపోయాయి. "అదిగో, మొదలెట్టావు. నీకు పచ్చకామెర్లు ఇట్టో. ఉస్తాద్ గారి పేరు చెబితే చాలు, లోకమంతా పచ్చగానే కనిపిస్తుంది. ఆయన ఎవరికీ విషం పెట్టలేదు. గడ్డి, గింజ, ఆకు. అంతే."

"పాముకి కూడా ప్రకృతే విషం పెట్టింది సార్."

"విను." తిహామీ గొంతు తగ్గింది. "మా నాన్న అదే ఆసుపత్రి వరండాలో బెంచీ మీద పోయాడు. చేతిలో టోకెన్ నంబరు యాభై మూడు. ఆయన కళ్ళు మూసేసరికి లోపలికి పిలుస్తున్నది నలభై ఒకటి. అప్పటినుంచీ మా అమ్మ ఆ వీధి మొహం చూడదు. చుట్టూ తిరిగి బజారుకెళ్తుంది. నువ్వు నాకు తెల్లకోట్ల గొప్ప చెప్పకు."

ఆ మాట అన్నప్పుడు మాత్రం ఆయనలో వెటకారం లేదు. ఇట్టో వాళ్ళ అన్న కాలికి పుండు పడితే, ఊళ్ళో ఒక మహానుభావుడు తేనె కట్టు కట్టి కట్టి మోకాలి దాకా పోగొట్టాడు. కాలు తీసేసిన ఆసుపత్రిలో నర్సు, 'ఇన్నాళ్ళూ గాడిదలు కాస్తున్నారా' అని అమ్మని అందరి ముందూ కసిరింది. అప్పటినుంచీ లఖ్దర్లంటే ఆమెకి ఎంత అసహ్యమో సూపరింటెండెంట్లన్నా అంతే.

"నాన్నగారు పోయినప్పుడు ఈ డాక్టరమ్మ పలక పట్టుకుని బడికెళ్తూ ఉంటుంది సార్. నాలుగు దాకా నాకు టైముందిగా?"

"నాలుగు దాకా ఉంది. నాలుగూ ఒకటికి లేదు. ఇక వెళ్ళు, నేను భోజనానికి ఇంటికెళ్ళాలి. అమ్మ ఎదురుచూస్తుంటుంది."

వరండాలో షామా బెంచీ మీద కూర్చుని ఉంది. చేతులకి బేడీలు. ఏడుపు నిన్నే అయిపోయినట్టుంది.

"రోజుకి ఒకటే రాశాను మేడమ్. ఒక్కటి. కిందటి వారం వచ్చి అట్టపెట్టె చూపించి నవ్వారు కూడా. మాత్ర వేసుకున్న ప్రతిరోజూ పెట్టెకి ఒక చిల్లు కొడతారట. లెక్కపెట్టుకో తల్లీ అన్నారు. లెక్క సరిగ్గానే ఉంది."

"మాత్ర మింగడం కళ్ళారా చూశావా?"

షామా తలెత్తి చూసింది. ఆ ప్రశ్న ఇంతవరకూ ఆమెని ఎవరూ అడగలేదు.

ఒంటిగంటా పదికి ఇట్టో అల్లాల్ ఇంట్లో ఉంది. భార్య లాల్లా హెన్నియా తెల్లబట్టల్లో ఎదురొచ్చింది. మొగుడు పోయిన దుఃఖం ఉంది గానీ, అది నోటికి మాత్రం అడ్డం రాలేదు.

"రా బిడ్డా, కూర్చో. నా మొగుడు రెండు పడవల మీద కాళ్ళు పెట్టాడమ్మా. నాకోసం డాక్టరు, స్నేహితులకోసం ఆ ఉస్తాదు. కోడి మాంసం వద్దు, పాలు వద్దు, గోధుమ రొట్టె వద్దు. మరేం తినాలిరా అంటే బార్లీ, ఆలివ్ నూనె, గాలి. మనిషి ఎండిన మిరపకాయలా అయిపోతే, 'చూశావా హెన్నియా, బరువు తగ్గాను' అని మురిసిపోయాడు."

"మంగళవారం పొద్దున ఏం జరిగింది పిన్నీ? గడియారం చూసుకున్నట్టు చెప్పాలి."

"టీసీ పెళ్ళాన్నమ్మా, నాకు టైము నేర్పక్కర్లేదు. ఆరింటికి చిల్లు కత్తెర 'టక్' మంది. అంటే మాత్ర వేసుకున్నట్టు. ఆరూ పదికి తొట్టిలో కాయలు తొక్కడం మొదలెట్టాడు. ఏడింటికి పది నిమిషాలు తక్కువ ఉందనగా ఆలివాకు టీ కాచుకున్నాడు. ఏడూ ముప్పైకి వాంతులు. ఎనిమిదింపావుకి గోడలకేసి చూసి, 'హెన్నియా, ఇంటికి పసుపు రంగు ఎప్పుడు వేయించావు?' అని అడిగాడు." ఆమె గోడకి అరచెయ్యి ఆనించింది. "సున్నం కొట్టిన గోడలమ్మా ఇవి. తెల్లటి గోడలు."

"టీ తాగినప్పుడు ఏమైనా అన్నాడా?"

"అనకేం, పండగ చేసుకున్నాడు! మొదటి గుక్కకే మొహం మెలితిరిగిపోయింది. 'ఎక్కింది, ఎక్కింది! చేదు నాలుకకి ఎక్కింది!' అని చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. నాలుగు నెలలుగా తొక్కుతున్నాడు కదా. వైద్యం ఫలించిందని కెటిల్ మొత్తం తాగేశాడు. నాకూ పోయబోయాడు. నేను ఛీ పొమ్మన్నా."

ఇట్టో నోట్‌బుక్కులో పెన్ను ఆగింది. నోట్లో చేదు తగిలితే గాడిద కూడా ఉమ్మేస్తుంది. ఈ మనిషి మాత్రం ఆ చేదు పాదాల్లోంచి వచ్చిందనుకుని కృతజ్ఞతతో మింగాడు. గ్లాసులో ఏముందో చూసుకోవాలని ఎందుకనిపిస్తుంది?

"ఆ ఆకు పొట్లం ఎక్కడ?"

"కొత్త పొట్లం. సోమవారం సాయంత్రం తెచ్చుకున్నాడు. ఇప్పుడు లేదు. ఉస్తాద్ గారి మనిషి ఒకావిడ వచ్చి తీసుకెళ్ళింది."

"ఎప్పుడు?"

"మంగళవారం సాయంత్రమే. శవం ఇంకా ఆసుపత్రి నుంచి ఇంటికి రాలేదు. అదిగో, పరామర్శకని అది కూడా తెచ్చింది." హెన్నియా మూలకి చెయ్యి చూపించింది. నీలం కాగితం చుట్టిన రెండు కిలోల చక్కెర దిమ్మ నిటారుగా నిలబడి ఉంది.

ఇట్టో దాన్ని ఎగాదిగా చూసింది. బతికున్నన్నాళ్ళూ చెంచాడు చక్కెర నోట పెట్టనివ్వని మనిషి, చచ్చిన పూట దిమ్మకి దిమ్మే పంపాడు! ఉదారుడే.

"పొట్లం ఎందుకు తీసుకెళ్ళిందో చెప్పిందా?"

"పోయినవాళ్ళ మందు ఇంట్లో ఉంచుకోకూడదంట. ఆచారమంట."

"నువ్వెప్పుడైనా విన్నావా ఆ ఆచారం?"

"అరవై ఏళ్ళొచ్చాయి. వినలేదు. కానీ ఆ పూట నాకు బుర్ర ఎక్కడుందమ్మా?"

ఆ బుర్ర లేని పూట చూసే వచ్చారు మరి. ఇట్టో లేచి అల్లాల్ గది చూసింది. మంచం, గడియారం, గోడకి పాత టోపీ. గూట్లో మాత్రల అట్టపెట్టె. పెట్టె అంచు పొడవునా వరసగా చిల్లులు, నక్షత్రం ఆకారంలో. రైలు టికెట్లకి కొట్టేవే. లెక్కపెడితే ఇరవై రెండు. పెట్టె మీద మందుల షాపు వేసిన తేదీ నుంచి మంగళవారం దాకా సరిగ్గా ఇరవై రెండు రోజులు. లోపల మిగిలిన మాత్రలు ఎనిమిది. పెట్టెకి ముప్పై. లెక్క అద్దంలా ఉంది.

"మీ ఆయన మాత్ర మింగడం చూశావా పిన్నీ?"

"టక్ మనడం విన్నాను."

"మింగడం?"

హెన్నియా పెట్టె అందుకుని చిల్లులు తను కూడా లెక్కపెట్టడం మొదలెట్టింది.

టోపీ వెనక మేకుకి పాత తోలు సంచీ వేలాడుతోంది. టీసీలు భుజాన వేసుకునేది. ఇట్టో బక్కిల్ విప్పి మంచం మీద బోర్లించింది. పాత టికెట్ ముక్కలు, ఒక ఈల, తర్వాత చిటపటమంటూ చిన్న తెల్ల మాత్రలు దుప్పటి మీద దొర్లాయి. ఒక్కొక్కటే వేలితో పక్కకి జరిపింది. ఇరవై రెండు.

హెన్నియా మంచం పట్టె పట్టుకుని కూలబడింది. "దొంగ సచ్చినోడా! ఇరవై రెండు రోజులు నాకు చిల్లులు చూపించి మోసం చేశావా! పారెయ్యడానికి కూడా చెయ్యి రాలేదు, దాచుకున్నావా!" అని ఏడుస్తూనే తిట్టింది, తిడుతూనే ఏడ్చింది.

ఒక్క మాత్ర కూడా కడుపులోకి పోలేదు. మరి రక్తంలోకి ఆరింతల మందు ఎక్కడినుంచి వచ్చింది?

ఇట్టో స్టేషనుకి ఫోను చేసి, కానిస్టేబుల్‌ని షామాకి అందివ్వమంది. "డాక్టరమ్మా, ఆలోచించుకుని చెప్పు. మనిషి డిజాక్సిన్ మింగలేదు. అయినా పరీక్షలో డిజాక్సిన్ కనిపించింది. ఎలా?"

"గన్నేరు," అంది షామా. "మేడమ్, గన్నేరు ఆకు. దాని విషం, ఈ మందు ఒక కుదురువే. మా యంత్రానికి తేడా తెలీదు. దాన్ని చూసినా డిజాక్సిన్ అనే చెప్తుంది. ఆయనకి అంతా పసుప్పచ్చగా కనిపించిందా?"

"కనిపించింది. ఈ సంగతి మీ సూపరింటెండెంటుకి తెలుసా?"

"తెలిసే ఉంటుంది. కాకపోతే ఆయన సంతకం చేసే తొందరలో ఉన్నారు."

ఇట్టో ఫోను పెట్టేసి వంటింట్లోకి నడిచింది. "పిన్నీ, టీ కెటిల్ తోమావా?"

"పైన తోమాను. లోపల ఎవరు తోముతారమ్మా, రుచి పోదూ!"

ఆ రుచి పిచ్చికి ఇట్టో మనసులోనే దణ్ణం పెట్టుకుంది. కెటిల్‌ని వెలుగులోకి వంచి, ఊలు అల్లే సూదిని కొమ్ములోకి పోనిచ్చింది. జల్లెడ వెనక ఇరుక్కున్న ఆకు ముక్క ఒకటి బయటికొచ్చింది. వేలెడు పొడుగు, దళసరి. నడిమి ఈనెకి అటూ ఇటూ దువ్వెన పళ్ళలా దగ్గర దగ్గరగా సన్నటి గీతలు. ఆలివాకు వెనక వెండిలా తెల్లగా ఉంటుంది. ఇది తెల్లగా లేదు. చిన్నప్పుడు కొండ వాగుల్లో మేకలు కాసినన్నాళ్ళూ ఈ ఆకుని ఆమె రోజూ చూసింది. కంచె తినే మేక, కాగితం తినే మేక, దీనికి మాత్రం మూతి కూడా పెట్టేది కాదు. మేకకున్న ఇంగితం రిటైరైన టీసీకి లేకపోయింది.

ఆకుని కాగితంలో మడిచి జేబులో పెట్టుకుంది. చాలదు. ఒక్క ఆకు ముక్కని లఖ్దర్ వకీలు నలిపి అవతల పారేస్తాడు. ఆ ఆకు తన పొట్లంలోదేనని లఖ్దర్ నోటితోనే అనిపించాలి.

"పిన్నీ, ఇంకో కెటిల్ ఉందా? పక్కింటి ఆలివ్ చెట్టు నుంచి గుప్పెడు ఆకు, కాస్త పుదీనా కావాలి."

రెండూ నలభై ఐదు. ఇట్టో ఒక కానిస్టేబుల్‌ని వెంటబెట్టుకుని వచ్చేసరికి ఉస్తాద్ లఖ్దర్ చికిత్సాలయం హాల్లో కూర్చోవడానికి చోటు లేదు. గోడ మీద పెద్దక్షరాలు: 'నీ వంటిల్లే నీ మందుల షాపు.' దాని కింద అదే లఖ్దర్ మందుల షాపు, పొట్లాలు పేర్చి ఉంది. పొట్లాలు కొంటున్న జనాన్ని చూసి ఇట్టోకి జాలేసింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది.

లఖ్దర్ బొద్దుగా, తెల్లటి జెల్లాబా అంగీలో, పెళ్ళికొడుకులా ఉన్నాడు. "రండి మేడమ్, రండి. ఏ బాధ? కడుపా, నడుమా?"

"తలనొప్పి. మీరే."

అతను నవ్వేశాడు. "మొరాకో అంతా నా బిడ్డలే. బిడ్డలు తిట్టినా నేను పట్టించుకోను. నేను డాక్టర్ని కాదని కొందరంటారు. నిజమే, డాక్టర్లు చేతులెత్తేసినవాళ్ళు నా దగ్గరికొస్తారు."

"అల్లాల్ గారిలాగా."

"పాపం, మంచి మనిషి. ఎంత చెప్పినా వినక రహస్యంగా ఆ మాత్రలు మింగాడు. మాత్రలు మింగేశాయి ఆయన్ని."

ఇట్టో సంచీలోంచి కెటిల్ తీసి బల్ల మీద పెట్టింది. పక్కన గ్లాసు. చెయ్యి పైకెత్తి నురగ వచ్చేలా పోసింది. ఆవిరి లేచింది.

"లాల్లా హెన్నియా పంపింది. చావింటి టీ. ఆయన ఆఖరిసారి తాగిన ఆకే. ఆయన పేరు తలుచుకుని ఒక గుక్క తాగండి."

చావింటి నుంచి వచ్చిన టీ ముట్టనన్న మనిషిని ఆ ఊళ్ళో ఎవరూ చూసి ఎరగరు. లఖ్దర్ గ్లాసుకేసి చూశాడు. చెయ్యి కదల్లేదు.

"ఇవాళ గురువారం మేడమ్. నేను ఉపవాసం."

"అల్లా స్వీకరించుగాక. మీసం మీద రొట్టె ముక్క కూడా ఉపవాసమేనా?"

అతని చెయ్యి మీసం మీదికి పోయింది. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టే.

"ఆ... ఆ ఆకు ఇంకా అక్కడెలా ఉంది?" అన్నాడు ఉన్నట్టుండి. "నా మనిషి పొట్లం తెచ్చేసిందిగా!"

"తెచ్చేసిందా? ఎందుకు తెప్పించారు?"

ఇట్టో జేబులోంచి కాగితం తీసి, ఆకు ముక్కని గ్లాసు పక్కన పెట్టింది.

"దీని పేరు చెప్పండి ఉస్తాద్. గడ్డి, గింజ, ఆకు అన్నీ తెలిసినవారు కదా. మీకు తెలియకపోతే మా ఊరి మేకని అడుగుతా."

"నా తప్పు కాదు!" గొంతు కీచుగా లేచింది. "ఎప్పుడూ తెచ్చే మనిషి రాలేదు. కొత్తవాడు బస్తా తెచ్చాడు. వాగు ఒడ్డున కోసుకొచ్చాడని నాకేం తెలుసు? ఎండిన ఆకులన్నీ ఒక్కలాగే ఉంటాయి! మంగళవారం అల్లాల్ గోడలు పచ్చగా ఉన్నాయన్నాడని తెలిసి, అప్పుడు బస్తా విప్పి చూసుకున్నా."

"చూసుకుని పోలీసులకి చెప్పలేదు. ఆసుపత్రికి చెప్పలేదు. రెండు రోజులుగా ఒక ఆడపిల్ల బేడీల్లో కూర్చుంటే వీడియో పెట్టారు, 'మాత్రలు చంపాయి' అని. ఎంతమంది చూశారు?"

"పొట్లాలు వెనక్కి తెప్పించాను కదా! బస్తా తగలబెట్టించాను!"

"ఎన్ని పొట్లాలు కట్టారు?"

అతను జవాబు చెప్పేలోపు తలుపు ధడాలున తెరుచుకుంది. తిహామీ. వెనక వీధిలో జీపు ఇంజను ఆడుతూనే ఉంది, కిటికీలోంచి షామా తెల్లబోయిన మొహం కనిపిస్తోంది. మూడూ ఇరవై.

"హాలు నిండా జనం ముందు ఒక పెద్దమనిషిని పట్టుకుని అల్లరి చేస్తున్నావని ఫోనొచ్చింది! కోర్టుకి పోయేవాణ్ణి దారిలో ఆగాల్సి వచ్చింది నీవల్ల. సిగ్గులేదా?" తిహామీ నుదుటి మీద చెమట కారుతోంది. కర్చీఫుతో తుడుచుకుంటూ గ్లాసు చూశాడు. "ఏంటిది? టీ తాగమని బలవంతమా?"

"ఆయన తన మందు తను తాగనంటున్నాడు సార్."

"అంతేగా? ఇటివ్వు!" తిహామీ గ్లాసు అందుకుని ఒక్క గుక్కలో సగం దించేశాడు. ఇట్టో ఆపలేదు, అది ఉత్త ఆలివాకేనని ఆమెకి తెలుసు. లఖ్దర్ మాత్రం 'వద్దు' అని అరిచి, సోఫాలోంచి సగం లేచి, తిరిగి కూలబడ్డాడు.

తిహామీ పెదాలు చప్పరించాడు. మొహం చిట్లించాడు. "ఇదేం టీ? చప్పగా, కడుగునీళ్ళలా ఉంది. దీనికా ఇంత రాద్ధాంతం? అసలు మందు నేను మధ్యాహ్నం తాగింది. కొత్త పొట్లం విప్పాను. ఇట్టో, నవ్వావు కదా ఇందాక, విను! చేదు నాలుకకెక్కింది! రెండు నెలల్లో మొదటిసారి! ఇంకా నోట్లో అలాగే ఉంది."

లఖ్దర్ సోఫాలో ఇంకాస్త వెనక్కి జరిగాడు.

"ఆ పొట్లం ఎప్పుడు తెచ్చుకున్నారు సార్?" ఇట్టో ఆయన దగ్గరికి జరిగింది.

"సోమవారం. ఉస్తాద్ గారు కానుకగా పంపించారు. ఎందుకు?"

ఇట్టో లఖ్దర్ వైపు తిరిగింది. "ఎన్ని పొట్లాలు కట్టారని అడిగాను."

"పన్నెండు."

"వెనక్కి వచ్చినవి?"

"పదకొండు."

"పన్నెండోది?"

లఖ్దర్ తిహామీ మొహంకేసి చూడలేక తివాచీకేసి చూశాడు. "పోలీసాయన కదా... పొట్లం వెనక్కివ్వండి అంటే, ఎందుకూ అని అడుగుతారు కదా..."

అంతే. ఎందుకూ అని అడుగుతారని. ఆ ఒక్క ప్రశ్న తప్పించుకోవడానికి, తనని నెత్తిన పెట్టుకున్న మనిషిని విషం తాగనిచ్చాడు. ఇట్టో తన ఉద్యోగంలో కత్తిపోట్లు చూసింది, గొంతు నులమడాలు చూసింది. ఇంత నీచమైన పని మాత్రం ఎప్పుడూ చూడలేదు. ఆమె వెంట వచ్చిన కానిస్టేబుల్ లఖ్దర్ రెక్క పట్టుకున్నాడు.

తిహామీ అర్థం కానట్టు ఒకసారి అతన్నీ, ఒకసారి బల్ల మీది ఆకునీ చూశాడు. "ఏం ఆకు ఇది?"

"గన్నేరు సార్. అల్లాల్ గారు ఒక్క మాత్ర కూడా మింగలేదు. ఇరవై రెండూ సంచీలో ఉన్నాయి. ఆయన తాగిన పొట్లం, మీరు తాగింది ఒకే బస్తాలోవి. రండి. నడవగలరా?"

ఆయన నవ్వబోయాడు. ఆ నవ్వు వాంతి అయింది. ఇట్టో ఆయన చంక కింద భుజం ఇచ్చి, జనం మధ్యలోంచి జీపు దాకా లాక్కొచ్చింది. షామా తలుపు తోసుకుని కిందికి దిగింది. సంగతి రెండు ముక్కల్లో వినేసరికి, బేడీల చేతులు రెండూ కలిపే ఆయన మణికట్టు పట్టుకుంది. తన చేతి గడియారం పోలీసుల దగ్గరుంది. ఇట్టో చెయ్యి లాక్కుని ఆమె గడియారం చూసింది.

"ముప్పై ఎనిమిది," అంది. "నాడి ముప్పై ఎనిమిది కొడుతోంది. ఆసుపత్రికి ఫోను చెయ్యండి మేడమ్, నేను చెప్పానని చెప్పకండి, మీరే ఆర్డరు వెయ్యండి. విరుగుడు రాజధాని రబాత్ నుంచి రావాలి, ఇప్పుడే బయల్దేరమనండి. అది వచ్చేదాకా గుండె ఆగకుండా నేను చూసుకుంటా. సార్, ఎన్నింటికి తాగారు?"

"రెండింటికి... పావు తక్కువ."

"ఎంత?"

"రెండు గ్లాసులు." ఆయన పెదాలు పాలిపోయాయి. "టోకెన్... టోకెన్ తీసుకోవాలా?"

వెక్కిరింపు కాదది. నిజంగానే అడిగాడు.

"అక్కర్లేదు సార్. నేనే మీ టోకెన్ని. ఎక్కండి."

జీపు మెట్టు మీద కాలు పెట్టబోయి తిహామీ ఆగిపోయాడు. కళ్ళు పెద్దవయ్యాయి. ఇట్టో చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"కెటిల్‌లో మిగిలింది... అమ్మకి పోశాను. చేదెక్కిందని మురిసిపోయింది ఆవిడ కూడా. ఇట్టో, ఆవిడ ఆసుపత్రికి రాదు. చచ్చినా రాదు. ఎవరు పిలిచినా రాదు."

ఇట్టో ఆయన ఫోను లాక్కుని, 'అమ్మ' అని ఉన్నచోట నొక్కి, అందరికీ వినపడేలా పెట్టింది. నాలుగుసార్లు మోగింది. అయిదోసారి ముసలి గొంతు పలికింది, తీరిగ్గా, కాస్త మత్తుగా.

"ఎవరూ, నువ్వేనా నాయనా? మంచి పని చేశావురా. నాకు చెప్పకుండా ఇంటికి పసుపు రంగు ఎప్పుడు వేయించావు?"

తిహామీ జేబులోంచి తాళంచెవి తీసి, షామా చేతులు విప్పాడు. "ముందు మా ఇంటికి పోదాం తల్లీ," అన్నాడు.